దారిలో పోయే కాలం ఎవరి పద్దు?

మా వైపు ఉపాధ్యాయుల సంగతి వస్తే జనం ఒక్క ముక్కలో తేల్చేస్తారు: "సార్లంతా అప్ అండ్ డౌనే." ఇది ఇంగ్లీషు మాట అనుకునే కాలం పోయింది. బడి ముందు జామకాయలు అమ్ముకునే ముసలమ్మకు కూడా దీని అర్థం తెలుసు. పొద్దున పట్నం నుంచి వచ్చి సాయంత్రం పట్నం పోయేవాడు అనేది పైకి కనిపించే అర్థం. ఊరి మంచిచెడ్డలు పట్టనివాడు అనేది లోపలి అర్థం. నేను ఆ తెగవాణ్ణే. కాపురం మిర్యాలగూడలో, ఉద్యోగం హాలియా పక్కన ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో. లెక్కలు చెబుతాను. కనుక ఈ వ్యాసంలో ముద్దాయినీ నేనే, సాక్షినీ నేనే.

నలుగురం కలిసి ఒక కారులో వెళతాం. కారు మాలో ఒకాయనది. పెట్రోలు నలుగురిదీ. నిడమనూరు మీదుగా దారి. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, మిగతా సగంలో మిల్లులకు పోయే ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఆ రోజుల్లో ఎంత సేపు పడుతుందో చెప్పలేం. మామూలు రోజుల్లో, ఇంటి గడప నుంచి బడి గడప దాకా, నలుగురినీ ఎక్కించుకునే కాలం కలుపుకొని, పోను గంట, రాను గంట. బడి జరిగే దినాలు ఏడాదికి సుమారు 220. అంటే 440 గంటలు. ఎనిమిది గంటల పనిదినాలుగా విడగొడితే 55 దినాలు. ఏడాదిలో దాదాపు రెండు నెలల పనికి సరిపోయే కాలాన్ని నేను కారు సీటులో కూర్చుని ఖర్చు పెడుతున్నానన్న మాట. పెట్రోలు 2021లో లీటరు నూరు దాటింది, మళ్లీ నూటికి దిగలేదు. రోజుకు నాలుగు లీటర్లు, నలుగురికి పంచితే తలా ఒక లీటరు. డబ్బు లెక్క అంతే, సులువు. కాలం లెక్కే ఏ పద్దులో రాయాలో తెలియదు. అది నా సెలవు కాదు, ఎందుచేతనంటే నాకు ఇష్టమైనది చేయలేను. పనీ కాదు, ఎందుచేతనంటే దానికి జీతం లేదు.

మా కారులో ఒకసారి పెద్ద తాత్విక చర్చ జరిగింది. సెలవు పెట్టినవాడు ఆ రోజు పెట్రోలు వాటా ఇవ్వాలా, అక్కరలేదా? రాని మనిషికి ఖర్చేమిటని ఒకరు. సీటు ఖాళీగా తిరిగినా బండి తాగే పెట్రోలు తాగుతుంది, మిగతా ముగ్గురి మీద వాడి బరువు ఎందుకు పడాలని మరొకరు. బండి అరుగుదల ఎవరూ కట్టివ్వటం లేదు, ముందు ఆ సంగతి తేల్చమని కారు యజమాని. సమష్టి ఆస్తి మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లం ముగ్గురం ఉన్నాం మాలో. వారం రోజులు తేలలేదు. చివరకు రానివాడు సగం ఇవ్వాలని తీర్మానించాం. నవ్వులాటగా చెబుతున్నానుగాని, ప్రశ్న చిన్నది కాదు. ఒకచోట తప్పించుకున్న ఖర్చు మాయమైపోదు, ఇంకొకరి మీద పడుతుంది. ఎవరి మీద పడుతున్నదో చూడకుండా నీతి గురించి మాట్లాడటం వృథా.

నా ఖర్చు ఎవరి మీద పడుతున్నదో నాకు తెలిసిన రోజు చెబుతాను. మా బడి నాలుగుంబావుకు వదులుతారు. నాలుగుంబావుకే కారు కదులుతుంది. ఒకనాడు గంట కొట్టాక తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె పుస్తకం పట్టుకుని వచ్చింది. ఇంత పొడవున్న రైలు ఒక స్తంభాన్ని ఇన్ని సెకన్లలో దాటింది, వేగమెంత అన్న లెక్క. హాలియాకు రైలు లేదు. ఆ పిల్ల రైలెక్కి ఎరగదు. "సార్, స్తంభానికి కూడా ఎంతో కొంత మందం ఉంటది కదా? అది ఎందుకు కలపలే?" అని అడిగింది. ఇరవై ఏళ్లుగా ఆ లెక్క చెబుతున్నాను, నన్ను ఎవరూ అట్లా అడగలేదు. బిందువు అంటే ఏమిటి, లోకంలో లేని వస్తువును లెక్కలో ఎందుకు ఉన్నదనుకుంటాం, దేనిని వదిలేయవచ్చు, ఎప్పుడు వదలకూడదు — గణితమంతా ఆ ప్రశ్నలో ఉంది. గేటు బయట హారను మోగింది. "రేపు చెప్తా బిడ్డా" అని వెళ్లిపోయాను.

మర్నాడు పిల్ల రాలేదు. పత్తి ఏరే రోజులు. పది రోజులకు వచ్చింది. నేనే పిలిచి, స్తంభం సంగతి చెప్పనా అన్నాను. "ఏం లేదు సార్, అట్లనే చేస్తున్న" అన్నది. పుస్తకంలో ఉన్నట్టు చేస్తున్నానని తాత్పర్యం. మార్కులు వస్తాయి, ఢోకా లేదు. ప్రశ్న మాత్రం పోయింది.

ఇక్కడ నన్ను ఖండించేవారు చాలామంది ఉంటారు. పనిచేసే ఊళ్లో కాపురముంటే ఈ గొడవే లేదు కదా అంటారు. పూర్వం పంతులు ఊళ్లోనే ఉండేవాడు, రాత్రిపూట లాంతరు కింద చదువు చెప్పేవాడు, అని నిట్టూరుస్తారు. ఈ నిట్టూర్పులో కొంత నిజం లేకపోలేదు. అబద్ధం కూడా ఉంది. ఆ పంతుళ్లలో చాలామంది ఎవరి అరుగు మీద బతికారో, ఎవరి పిల్లలకు లాంతరు వెలిగించారో కూడా చెప్పుకోవాలి. మా కారులో ఉండే ఒక మిత్రుడు మాదిగ కులంలో పుట్టినవాడు. మొదటి ఉద్యోగంలో చేరిన ఊళ్లో ఆయనకు ఇల్లు అద్దెకు దొరకలేదు. ఖాళీ ఇల్లు ఉన్నది, అడిగితే "చుట్టాలొస్తున్నరు సారూ" అన్నారు. మూడు ఇళ్లకూ చుట్టాలు వస్తూనే ఉన్నారు. "నన్ను ఉండనియ్యని ఊరే నేను ఉండటం లేదని ఇప్పుడు నిందిస్తున్నది" అంటాడు ఆయన. దీనికి జవాబు చెప్పకుండా ఉపాధ్యాయులు ఊళ్లో ఉండాలనటం ధర్మపన్నాలు వల్లించటమే. కారు, బస్సు, రైలు మనిషికి ఊరి పట్టు నుంచి కొంత విముక్తినిచ్చాయి. దూరం ఖర్చే కాదు, కొందరికి అది రక్షణ.

ఇంకొకామె ఉన్నది, ఆమె సంగతి వేరు. ఆమె అప్ అండ్ డౌన్ నాలుగున్నరకు వంటింట్లో మొదలవుతుంది. నేను కారెక్కేసరికి పేపరు చదివి ఉంటాను. ఆమె రెండు పూటలకూ వండి, అత్తగారికి మందులిచ్చి, పిల్లల డబ్బాలు కట్టి ఉంటుంది. ఎక్కగానే నిద్రపోతుంది. ఆ గంట నిద్ర ఆమెకు రోజు మొత్తంలో దక్కే ఒకే ఒక సొంత ఆస్తి. ప్రయాణ కాలం దండుగ అని నేను లెక్కలు వేసి చెప్పినప్పుడు ఆమె ఒప్పుకోలేదు. "మీకు దండుగ సార్, నాకు నిద్ర" అన్నది.

మా జిల్లాలో ప్రయాణం ఖర్చును కింది వాళ్ల మీదికి తోయటం కొత్త విద్య కాదు. దేశ్‌ముఖుల కాలంలో గడీ ఆడవాళ్లు కచ్చడం బండిలో చుట్టాల ఊరికి పోతుంటే బండికి ముందు కొందరు, వెనక కొందరు వెట్టివాళ్లు పరుగెత్తేవారు. సర్కారీ అధికారి మకాం వస్తే రైతు తన ఎడ్లు, తన బండి, తన మనిషి ఇచ్చుకోవలసిందే. ప్రయాణం ఒకరిది, కాళ్లు ఇంకొకరివి. 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణా పోరాటం భూమి కోసం జరిగిందని మనం చెప్పుకుంటాం. అది వెట్టి మీద కూడా జరిగింది. వెట్టిలో ఒక ముఖ్య భాగం ఈ ప్రయాణ సేవే. ఇంకొక వంక, నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీ దాని సంతానమే. ప్రజల మీద ప్రేమతో పెట్టారని ఎవరూ అనరు. కాని ఆ బస్సుతో ఒక కొత్త సూత్రం వచ్చింది: టికెట్టు కొన్నవాడు కూర్చుంటాడు. ముందు పరుగెత్తేవాడు ఎవరూ ఉండడు. ఈ సూత్రం విలువ తక్కువ కాదు. కారు కొనుక్కున్న మధ్యతరగతి వాళ్లం దానిని త్వరగా మరచిపోతాం.

ఇక పరుగెత్తించటం పోయిందా అంటే, రూపం మారింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద హాలియా, మిర్యాలగూడ వైపు భూములు వరి మళ్లయ్యాయి. దేవరకొండ వైపు మెట్ట ప్రాంతం మెట్టగానే చాలాకాలం ఉన్నది. నీళ్లు ఒకచోట, పనికోసం చూసే చేతులు ఇంకొకచోట. ఈ రెంటినీ కలిపేది ఆటో, ట్రాక్టరు ట్రాలీ. నాట్ల రోజుల్లో పొద్దున మా కారుకు ఎదురుగా వచ్చే ఆటోల్లో మనుషులు ఎంతమంది ఉంటారో లెక్కపెట్టటం లెక్కల మాస్టారుకు కూడా కష్టం. ముగ్గురి సీటులో పదిహేను మంది.

ఒకరోజు మా కారు టైరు పేలి రోడ్డు పక్కన ఆగిపోయాం. పక్క మడిలో నాట్లు వేసేవాళ్లు సద్దులు తింటున్నారు. వాళ్లలో పెద్దావిడ ఒకామెతో మాట కలిసింది.

"ఎంత దూరం నుంచి వస్తున్నరక్కా?"

"మా తండా దేవరకొండ అవతల సారూ. కోడి కూసేటాల్లకు ఎక్కుతం."

"మరి ఆటో కిరాయి?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఆసామిదే గద సారూ! కూలి కూలే, కిరాయి కిరాయే. ఆయన పనికి మేం పైసలు పెట్టుకొని వస్తమా?"

నేను నోరు మూసుకున్నాను. పనికి రావటానికి సొంత పైసలు పెట్టుకోవటమేమిటన్న ఆమె ఆశ్చర్యం చాలా లోతైనది. సంఘాలు, మహాసభలు, మాసపత్రికలు ఉన్న మేము అడగని మాటను ఆ మనిషి బేరంలో మొదటి మాటగా పెట్టి గెలిచింది. కిరాయి గెలిచిందిగాని కాలం గెలవలేదు. కోడి కూతకు ఎక్కి దీపాలవేళకు దిగే ఆమెకు కూలి మడిలో ఉన్నంత సేపటికే. పైగా కిరాయి ఆసామిది గనక ఒక్క ఆటోలో ఎంతమంది పడితే ఆయనకు అంత లాభం. 2018 ఏప్రిల్ 6న మా పక్కనే పెద్దఅడిశర్లపల్లి మండలం వద్దిపట్ల దగ్గర, మిరపకాయలు ఏరటానికి పోతున్న కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది స్త్రీలు చనిపోయారు. అదే ఏడు జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర ఇంకొక ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేను మంది. అందరూ పనికి బయలుదేరినవాళ్లే. మడిలో ఇంకా కాలు పెట్టలేదు గనక వాళ్లు "పనిలో" లేరు.

చట్టం ఈ విషయంలో ఎట్లా ఆలోచిస్తుందో చూడటం మంచిది. ఇ.ఎస్.ఐ. చట్టానికి 2010లో ఒక సవరణ వచ్చింది. దాని ప్రకారం పనికి పోతూ వస్తూ జరిగిన ప్రమాదం పనికి సంబంధించినదైతే, అది పనిలో జరిగిన ప్రమాదంగానే లెక్క. మహారాష్ట్రలో చక్కెర మిల్లు కావలివాడొకతను 2003లో తెల్లవారుజాము డ్యూటీకి పోతూ దారిలో చనిపోయాడు. అతని కుటుంబానికి పరిహారం రావలసిందేనని సుప్రీంకోర్టు 2025 జూలైలో తేల్చింది, ఇరవై రెండేళ్లకు. తీర్పు మంచిదే. కాని దీనిలోని తర్కం గమనించండి. ఆ దారిలో మనిషి చస్తే దారి పనిలో భాగం. అదే దారిలో బతికి మిల్లుకు చేరితే అది అతని సొంత గొడవ. ఒకే రోడ్డు, ఒకే మనిషి, ఒకే చీకటి. శవమైతేనే అతని కాలానికి విలువ కట్టే వ్యవస్థ ఇది. ఆ తండా ఆడవాళ్లకు ఇ.ఎస్.ఐ. కూడా లేదు గనక ఆ విలువా లేదు.

ఇతర దేశాల్లో ఈ ప్రశ్న ఇంత నిద్రపోవటం లేదు. ఫ్రాన్సులో ఉద్యోగి బస్సు, రైలు పాసు ఖర్చులో సగం యజమాని పెట్టుకోవాలి. లక్సెంబర్గులో 2020 నుంచి బస్సు, రైలు, ట్రాము ఎవరికైనా ఉచితం. స్థిరమైన ఆఫీసు లేకుండా ఇల్లిల్లూ తిరిగి పనిచేసేవాళ్ల విషయంలో, ఇంటి నుంచి మొదటి పనిచోటికి పోయే కాలం కూడా పనికాలమేనని యూరోపియన్ న్యాయస్థానం 2015లో తీర్పు చెప్పింది. ఇవన్నీ పెట్టుబడిదారీ దేశాలే. అక్కడి కార్మికులు అడిగారు గనక కొంత వచ్చింది.

రైలు సంగతి కూడా చెప్పాలి. రెండో శనివారాలు సికిందరాబాదులో తమ్ముడి దగ్గరున్న అమ్మను చూడటానికి పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లో పోతాను. నల్గొండలో సీజను టికెట్లవాళ్లు ఎక్కుతారు. దుకాణాల్లో గుమాస్తాలు, ఆసుపత్రుల్లో నర్సులు, కోర్టు పనుల మీద పోయేవాళ్లు. వాళ్లకు రెండో శనివారం లేదు. రైలంటే మనకు కవిత్వం పొంగుతుంది, నాకూ పొంగేది. జనరల్ పెట్టెలో పాయఖానా తలుపుకు ఆనుకుని రెండున్నర గంటలు నిలబడ్డాక తగ్గింది. ఐనా కారుకూ రైలుకూ తేడా ఉన్నది. కారులో మేం నలుగురం ఒకే జీతం, ఒకే విసుగు. అద్దాలు ఎక్కించుకుని ఒకళ్ల ఫిర్యాదు ఒకళ్లకు వినిపించుకుంటాం. రైలులో మన కష్టం ఒక్కటే లోకంలో కష్టం కాదని తెలుస్తుంది. ఒకసారి ఒక నర్సు నా ఒళ్లో ఉన్న జవాబు పత్రాలు చూసి, "మీరు దిద్దండి సార్, నేను మార్కులు కూడతా" అని బీబీనగరు దాకా కూడింది. రెండుచోట్ల తప్పు పట్టింది కూడా.

రవాణా పరిశ్రమ అమ్మే సరుకు స్థలం మార్పే అన్నాడు మార్క్సు, పెట్టుబడి రెండో సంపుటంలో. ఆ సరుకు తయారవుతున్నప్పుడే ఖర్చయిపోతుంది. ఈ సరుకుకు ధర కట్టటం ఎంత సులభమో, ఆ ధర పెంచటం కూడా అంతే. 2020లో కరోనా వచ్చి పాసింజరు బండ్లు ఆగాయి. తిరిగి నడిచినప్పుడు ఎక్స్‌ప్రెస్ చార్జీతో నడిచాయి. పది రూపాయల కనీస టికెట్టు ముప్పై అయింది. పెట్టె అదే, నిలబడటం అదే. 2024లో గాని మళ్లీ పదికి దిగలేదు. కారున్నవాళ్లకు ఈ సంగతి తెలియనే తెలియదు. ఉమ్మడి బండి ధర పెరిగినప్పుడు అరవగలిగిన గొంతులన్నీ సొంత బండ్లలో ఉంటే ఇట్లాగే జరుగుతుంది.

ఇప్పుడు మళ్లీ మా నాలుగుంబావు దగ్గరికి వద్దాం. నా మీద అన్యాయంగా పడ్డ ఖర్చును నాకంటె బలహీనుడి మీదికి నెట్టే హక్కు నాకుందా? నాకు ప్రయాణ కాలానికి జీతం రావటం లేదన్నది నిజం. అది వ్యవస్థ దోషమన్నదీ నిజం. ఈ రెండు నిజాలూ కలిసినా ఆ పిల్ల ప్రశ్నను గేటు దగ్గర వదిలేసి రావటానికి అనుమతి పత్రం కావు. "వ్యవస్థ మారేదాకా" అన్న మాట మనలో చాలామందికి మంచి దిండు. మరొకవైపు, వ్యక్తి మంచితనంతో అంతా సరిపోతుందనటం కూడా బూటకమే. అది ఎట్లా బూటకమో మా కారులోనే తేలింది.

అరగంట ఆలస్యంగా బయలుదేరుదాం, పిల్లలు అడిగేవి అడుగుతారు, అని ప్రతిపాదించాను. కారు యజమాని సరే అన్నాడు. ఇంటి అద్దె దొరకని మిత్రుడు సరే అన్నాడు. ఆమె మాత్రం వద్దన్నది. "మీ అరగంట మీ చేతిలోది. నా అరగంట మా అత్తగారి ఇన్సులిన్‌ది" అన్నది. నా నీతికి ఆమె వెల కట్టాలి. ఒకరి మీద నుంచి తీసి ఇంకొకరి మీద పెట్టటమే మళ్లీ. బస్సులో పోవచ్చు కదా, 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఉచితం కదా, అన్నాడు ఒకాయన. ఉచితమే, కాని ఆ బస్సు వచ్చేసరికి చీకటి పడుతుంది. టికెట్టు ప్రభుత్వం మాఫీ చేసింది, కాలాన్ని ఎవరూ మాఫీ చేయలేదు.

కనుక ఇప్పుడు మంగళ, గురువారాలు నేను కారెక్కను. ఐదున్నర దాకా బడిలో ఉంటాను. ఎనిమిది మందో, పది మందో కూర్చుంటారు. పత్తి రోజుల్లో ముగ్గురు. స్తంభం అడిగిన పిల్ల వస్తుంది, ఇంకా ఏమీ అడగలేదు. తరువాత హాలియా బస్టాండులో బస్సు కోసం నిలబడతాను. ఇంటికి చేరేసరికి ఏడున్నర దాటుతుంది. మా ఇంట్లో దీని వెల ఎవరు కడుతున్నారో మా ఆవిడను అడగాలి, ఆమె ఈ వ్యాసం ఇంకా చదవలేదు.

మరో చిక్కు వచ్చింది. ఆ రెండు సాయంత్రాలు కారులో నా సీటు ఖాళీగా పోతున్నది గదా, పెట్రోలు వాటా సంగతేమిటి? మళ్లీ చర్చ జరిగింది. రానివాడు సగం ఇవ్వాలన్న పాత తీర్మానమే వర్తిస్తుందని ముగ్గురూ అన్నారు. ఆ తీర్మానాన్ని గట్టిగా బలపరచినవాణ్ణి నేనే. సగం ఇస్తున్నాను.